శుక్రవారం ఏడుపు

సినిమా అయిపోయిందని అందరికీ చెప్పేసిన తర్వాత కూడా డాక్యుమెంటరీకి ఇంకో మూడు నెలల పని ఉంటుంది. ఆ పనిలో చివరి వారం, సౌండ్ మిక్సింగ్ చేసే ఆయన ఫోన్ చేశాడు.

"మేడం, ఆ ఏడ్చే సీన్ కింద సౌండ్ అతికిన చోట్లు తెలిసిపోతున్నాయండీ. మాటల్లేకుండా ఆ గది చప్పుడు ఒక్క నలభై సెకన్లు ఉంటే పంపండి. కింద పరిచేస్తాను."

ఎక్కడ షూటింగ్ చేసినా, వెళ్ళేముందు అందరినీ కాసేపు నోరు మూసుకోమని ఆ ఖాళీ చప్పుడు రికార్డు చేసుకోవాలి. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదే. ఒకదానిది తెచ్చి ఇంకోదానికి అతికిస్తే పట్టుబడిపోతుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నదాన్ని, ఆ సీను తీసిన ఒక్క శుక్రవారం మర్చిపోయాను. మళ్ళీ వెళ్ళి తీసుకుందామంటే ఆ గది లేదు. ఆసుపత్రి వాళ్ళు లాండ్రీ మూసేసి, ఉతుకుడు పని బయటి కంపెనీకి ఇచ్చేశారు. యంత్రాలు పాత ఇనుము కింద పోయాయి. అక్కడిప్పుడు మందుల అట్టపెట్టెలు ఉన్నాయి.

మా అక్క ఆ లాండ్రీలో ఇరవై ఏడేళ్ళు పనిచేసింది. గది పొడవునా వేడి రోలర్ల యంత్రం ఉండేది. ఇటువైపు ఇద్దరు తడి దుప్పటిని సర్ది లోపలికి పంపితే, అటువైపు ఇద్దరు పొగలు కక్కుతూ వచ్చినదాన్ని అందుకుని, మూలకి మూల కలిపి నాలుగు విసుర్లలో మడిచేసేవాళ్ళు. అక్క అందుకునే వైపు. చేతులకి వేడి తెలియడం మానేసి పదేళ్ళయిందని, అదేదో జీతం పెరిగినట్టు చెప్పేది. లాండ్రీ మూసేస్తారన్న మాట పుట్టినప్పటి నుంచి తాళం పడేదాకా మూడేళ్ళు వాళ్ళని తీశాను. కెమెరా నేనే, సౌండూ నేనే. మనిషిని పెట్టుకునే స్తోమత లేక అక్క కాలరుకి చిన్న మైకు గుచ్చి, నడుముకి అగ్గిపెట్టెంత రికార్డరు కట్టి వదిలేసేదాన్ని.

అంతకు ముందు నేను తీసినవి మూడు. లిఫ్టులు నడిపేవాళ్ళ మీద ఒకటి, రోడ్లకి తెల్లగీతలు వేసేవాళ్ళ మీద ఒకటి, మూతపడిన గ్రంథాలయం మీద ఒకటి. చూసినవాళ్ళని ఒక వ్యానులో ఎక్కించవచ్చు. ఫెస్టివల్స్ నుంచి ఉత్తరాలు మాత్రం మర్యాదగా వచ్చేవి. మీ చిత్రం మాకెంతో నచ్చింది, కానీ. ఆ 'కానీ'లు నా దగ్గర ఒక ఫైలు నిండా ఉన్నాయి. చుట్టాలింటికి వెళితే మా పిన్ని ప్రతిసారీ ఒకే ప్రశ్న వేసేది, "ఇంతకీ నీ సినిమాలో హీరో ఎవరే?" అని.

ఈ నాలుగోదానికి మొదటిసారి ఒక ప్రొడ్యూసర్ దొరికింది. పేరున్న మనిషి. ఆవిడ చెయ్యి పడితే సినిమా పెద్ద ఫెస్టివల్స్‌కి వెళుతుంది, చానెల్ కొంటుంది. ఆవిడని ఒప్పించింది ఆ చివరి సీనే. ఆఖరి రోజు, ఆగిపోయిన రోలర్ల మీద రెండు చేతులూ ఆనించి, నుదురు కూడా ఆనించి, మా అక్క ఏడుస్తుంది. వెనక నలుగురు ఆడవాళ్ళు తలలు వంచుకుని నిలబడతారు. పక్క గదిలో బట్టలు ఆరబెట్టే డ్రమ్ములు చివరి విడత తిప్పుతుంటాయి. నాలుగు నిమిషాలు, మధ్యలో ఒకే ఒక్క కట్‌తో.

ఆ డ్రమ్ముల చప్పుడే కావాలి నాకు. శుక్రవారం ఫైళ్ళు తీసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి ఒంటిగంట పది దాకా ఒక పొడుగాటి ఫైలు ఉంది. బ్యాటరీలు కొనుక్కొద్దామని నేను బయటికి వెళ్ళిన సమయం. అక్క నడుము మీది రికార్డరు ఆపడం మర్చిపోయానన్నమాట. భోజనాలు ఆ రోలర్ల గదిలోనే ఒక మూల, పక్క గదిలో డ్రమ్ములు. మంచిదే అనుకున్నాను. ఎక్కడో ఒకచోట నలభై సెకన్లు నోళ్ళు మూసుకోకపోతారా.

డబ్బాల మూతలు తీస్తున్న చప్పుడు. తర్వాత అక్క పక్కన పనిచేసే ఆవిడ గొంతు. లాండ్రీలో అందరూ ఆవిడని పొడుగావిడ అనే పిలిచేవాళ్ళు.

"ఎన్నాళ్ళే ఈ భాగోతం? ఆ గుమ్మంలోంచి నాలుగుసార్లు నడిపించింది పొద్దున. మొదటిసారి నడిచినప్పుడు నేను రానట్టా?"

"ఇవాళతో సరి," అంది అక్క. "అన్నం తిన్నాక మెషిన్ దగ్గరికెళ్ళి నిలబడతాను. నేను ఏడుస్తాను. మీరూ కాస్త మొహాలు వేలాడేసుకుని వెనకాల నిలబడండి."

"నాకు ఏడుపు రాదు తల్లీ. నవ్వొస్తుంది."

"నవ్వొస్తే తల దించుకో. పాపం అదీ ఇరవై ఏళ్ళుగా తీస్తోంది. ఒక్కటంటే ఒక్కటి ఎవరూ చూసింది లేదు. మొన్న ఎక్కడికో వెళ్ళి ఎవరెవరినో బతిమాలుకుని వచ్చింది. మొహం చూడలేదూ? నిన్న మా ఆయన ఎదురుగానే వాళ్ళాయనతో ఫోన్లో అంటోందట, సినిమాకి చివర లేదు, ఇక్కడ ఒక్కళ్ళూ కంటతడి పెట్టడం లేదు, మామూలుగా పని చేసుకుంటున్నారు అని."

"పని చేసుకోక, కూలబడమందా?"

"ఏదో ఒకటి. దీంతోనైనా దానికి ఒక దారి దొరకనీ. మన ఏడుపు మనకెలాగూ పనికిరాదు."

ఎవరో పకపకా నవ్వారు. ఆ తర్వాత సరిగ్గా నలభై ఏడు సెకన్లు ఎవరూ మాట్లాడలేదు. అన్నం తింటున్నారు. డ్రమ్ములు తిరుగుతున్నాయి. నేను ఆ ముక్క కత్తిరించి సౌండ్ ఆయనకి పంపించాను. చేతులు వాటి పని అవి చేశాయి.

నా భర్తకి వినిపించాను. ఆయనదీ కెమెరా పనే. ఫ్యాక్టరీలకి భద్రతా చిత్రాలు తీసి, ఇల్లు గడవడం తన వంతు చేసుకున్న మనిషి. విని, హెడ్‌ఫోన్స్ మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

"నాకు తెలిసింది."

"నా సినిమాల్లో అందరూ హెల్మెట్లు పెట్టుకుని నవ్వుతారు. నేను వెళ్ళగానే తీసి కింద పెడతారు. నేనేమైనా నిద్ర మానేస్తున్నానా?"

"నీది డాక్యుమెంటరీ కాదు."

"అవును, నాది అన్నం," అన్నాడు. ఆయన మామూలుగా అలాంటి మాటలు అనడు.

ప్రొడ్యూసర్ పంపిన కాగితాల్లో ఒకటి ఇంకా సంతకం పెట్టకుండా బల్ల మీదే ఉంది. ఈ చిత్రంలో ఏ దృశ్యమూ ముందుగా అనుకుని నటింపజేసినది కాదని నేను హామీ ఇవ్వాలి. పదేళ్ళ కిందట, మాతో కలిసి పనిచేసిన ఒకాయన తన సినిమాలో ఒక ముసలాయన చేత రెండోసారి తలుపు తట్టించాడని తెలిసి, నిండు సభలో లేచి అతన్ని కడిగేశాను. అతను తర్వాత ఈ పనే మానేసి ట్యూషన్లు చెప్పుకుంటున్నాడు. ఆ కాగితం చూస్తే అతని మొహం గుర్తొచ్చింది. నిజాయితీ అని చెప్పుకోను. నేను అలాంటిదాన్ని కాదని నాకు నేను రుజువు చేసుకోవాలి, అంతే. ప్రొడ్యూసర్‌కి ఫోన్ చేసి మొత్తం చెప్పేశాను. పోతే పోయిందనుకున్నాను.

ఆవిడ, "ఆ సౌండ్ పంపండి," అంది.

గంటలో మళ్ళీ ఫోన్.

"ఇదండీ సినిమా," అంది. గొంతులో సంతోషం దాచుకోలేకపోతోంది. "ఇన్నాళ్ళూ మీ దగ్గర ఉన్నది సగమే. లాండ్రీలు అన్నిచోట్లా మూతపడుతున్నాయి, అందరూ తీస్తున్నారు. ఇది ఎవరి దగ్గరుంది చెప్పండి? ఏడుపు సీను అలాగే ఉంచండి. అది అవగానే తెర నల్లగా చేసి, ఈ మాటలు వినిపించండి. ఆ వెంటనే పేర్లు పడాలి. ఇంకొక్క ముక్క వద్దు."

"మేడం, మరి ఆ హామీ కాగితం?"

"మార్చి పంపిస్తాను. అంతా మనమే చెప్పేస్తున్నాం కదా, ఇంక దాచిందేముంది? పాతది మాత్రం నేను తీసుకోలేను, తెలిసీ ఎలా తీసుకుంటాను. మీ అక్కగారు సంతకం చేసిన అంగీకార పత్రం ఉందా?"

"మొదటి రోజుది ఉంది. రికార్డయిన ప్రతి బొమ్మకీ, ప్రతి శబ్దానికీ అని."

"చాలు. అయినా ఒకమాట ఆవిడ చెవిన వేయండి. రేపు మనసు కష్టపెట్టుకోకుండా."

ఆదివారం అక్క ఇంటికి వెళ్ళాను. అక్కా బావా ఉతికిన బట్టలు ముందు పోసుకుని మడతపెడుతున్నారు. బావ మడిచిందల్లా అక్క విప్పి మళ్ళీ మడుస్తోంది.

"రా మరదలా," అన్నాడు బావ. "నా వేషం ఉంచావా, కోసేశావా? తలుపు తీసే సీనులో బాగా చేశానని మా వాళ్ళందరికీ చెప్పుకున్నాను."

"ఉంది బావా, రెండు సెకన్లు."

"రెండు సెకన్ల కోసమా గడ్డం గీసుకున్నాను," అని, నా మొహం చూసి, ఏదో పని గుర్తొచ్చినట్టు కిందికి దిగిపోయాడు.

అక్క చెవులకి నేనే హెడ్‌ఫోన్స్ పెట్టాను. ఆమె చేతులు కాసేపు మడతపెడుతూనే ఉన్నాయి. తర్వాత ఆగాయి. కిటికీ వెలుతురు ఎడమ చెంప మీద పడుతోందని, ఇంకొంచెం దగ్గరికి వెళితే బాగుంటుందని నాకు తట్టింది. ఆ సమయంలో నాకు తట్టింది అదే.

ఆమె హెడ్‌ఫోన్స్ తీసి ఒడిలో పెట్టుకుంది.

"విన్నావా మొత్తం?"

"విన్నాను."

"నేను అన్నది నీకు తగిలి ఉంటుంది."

"తగలలేదక్కా."

"తగలకుండా ఎలా ఉంటుందే," అని ఒక చొక్కా తీసి చేతులు లోపలికి మడిచింది. "అబద్ధం ఏడవలేదు చిట్టీ. నువ్వలా అనుకోకు. రోలర్లు ఆపేసింది బుధవారం కదా. సూపర్వైజరు మీట నొక్కాక అది ఒక్కసారే ఆగలేదు. అరగంట సేపు నెమ్మదిగా తిరుగుతూనే ఉంది, వేడి తగ్గేదాకా. అందరూ వెళ్ళిపోయారు. నేనొక్కదాన్నే అది ఆగేదాకా పక్కన నిలబడి ఏడ్చాను. చిన్నప్పుడు కూడా అలా ఏడవలేదు. నువ్వు లేవు."

బుధవారం నేను వేరే ఊళ్ళో ఒక హోటలు హాల్లో ఉన్నాను. ఏడు నిమిషాలు ఇచ్చారు. పదకొండు మంది సినిమాలు కొనేవాళ్ళ ముందు నిలబడి, ఈ సినిమా మనుషుల కష్టానికి సాక్షి అని చెప్పాను. నాలుగో నిమిషంలో ఒకాయన టీ కోసం లేచాడు.

"శుక్రవారం నువ్వొచ్చావు, మొహం వేలాడేసుకుని," అంది అక్క. "బుధవారందే మళ్ళీ తెచ్చి ఇచ్చాను. అంతే. రెండోసారి వడ్డిస్తే అన్నం కాకుండా పోతుందా?"

"అదే చెప్పాలక్కా జనానికి. అందుకే ఇది కూడా పెడదామంటున్నారు. చివర్లో."

"ఏది?"

"ఇప్పుడు విన్నది."

ఆమెకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"ఇది నీకు చెప్పింది కాదు," అంది నెమ్మదిగా. "పొడుగుదానికి చెప్పాను, అన్నం తింటూ. ఏడుపు నీకిచ్చాను, ఎన్ని ఊళ్ళైనా తిప్పుకో. ఇది ఇవ్వలేదు."

"సినిమాకి మంచిదక్కా."

"నీకు మంచిదా? నా చెల్లెల్ని చూస్తే జాలేస్తోందని నేనన్న మాట ఊరూవాడా వినాలా? నువ్వు టిక్కెట్టు పెట్టి వినిపిస్తావా? సిగ్గుండాలి. పోనీ నీకు లేదు, నాకుంది. వాళ్ళ నలుగురికీ ఉంది. ఏడ్చినట్టు నటించారని అంటే రేపు బయట మొహం ఎలా చూపిస్తారు? ఉద్యోగాలు పోయింది నిజం కాదా అంటారు జనం."

"సరే," అన్నాను.

"సరే అంటే?"

"పెట్టను."

ఆమె నా మొహంలోకి చూసి, నమ్మింది. లోపలికి వెళ్ళి నాకు కంచం పెట్టింది. తిన్నాను. బావ పైకి వచ్చి, రెండు సెకన్లని మూడు చేయమని బేరమాడాడు. నవ్వాను కూడా.

ఇంటికొచ్చి పదిహేను రోజులు ఆ ఫైలు ముట్టుకోలేదు. పదహారో రోజు ప్రొడ్యూసర్ నుంచి రెండే వాక్యాలు వచ్చాయి. శుక్రవారంలోగా కొత్త చివర పంపకపోతే ఈ ఏడాదికి తన జాబితాలో ఇంకో సినిమా చేర్చుకుంటానని. అల్మరా తెరిచి అక్క సంతకం చేసిన పత్రం తీసి చదివాను. ఆ రోజు నేను ఒక్కో వాక్యం చదివి వినిపిస్తుంటే, "చదవకే బాబూ, ఎక్కడ పెట్టాలో చూపించు," అని దుప్పటి మడిచినంత తేలిగ్గా సంతకం పెట్టేసింది. ప్రతి శబ్దానికీ అని స్పష్టంగా ఉంది. నాకు నలభై ఎనిమిదేళ్ళు. ఇంకో మూడేళ్ళు, ఇంకో మూతపడే చోటు, ఇంకో 'కానీ'. గంటన్నరలో ఎడిటింగ్ అయిపోయింది. పొడుగావిడ గొంతు కొంచెం తగ్గితే సరిచేశాను. నా భర్త వెనక నిలబడి చూశాడు. బాగుందనీ అనలేదు, వద్దనీ అనలేదు.

ఆ తర్వాత ఏం జరిగిందో పేపర్లలో వచ్చింది. ఇంత నిర్దయగా తనని తాను చూసుకున్న దర్శకురాలు మరొకరు లేరని ఒకరు రాశారు. రెండు బహుమతులు. తొమ్మిది నెలలకి సినిమా మా ఊరికి వచ్చింది. నేను అక్కకి చెప్పలేదు. పేపరు చూసి ఆమే ఫోన్ చేసింది.

"లాండ్రీ వాళ్ళం ఆరుగురం వస్తున్నాం."

"సీట్లు నిండిపోయాయేమో అక్కా."

"మా సినిమాకి మాకే సీట్లు లేవా? నిలబడి చూస్తాం. ఇరవై ఏడేళ్ళు నిలబడలేదూ," అంది.

అప్పుడు చెప్పాల్సింది. ఆ వారమంతా రోజూ చెబుదామనుకున్నాను. వాళ్ళు ఆరుగురూ ఇస్త్రీ నలగని బట్టల్లో వచ్చి మూడో వరసలో కూర్చున్నారు. తెర మీద తమని చూసుకుని ఒకళ్ళనొకళ్ళు మోచేతుల్తో పొడుచుకున్నారు. బావ తలుపు తీసినప్పుడు అక్క వెనక్కి తిరిగి నాకోసం వెతికి నవ్వింది. ఏడుపు సీనులో హాలంతా ముక్కులు చీదుకోవడం వినిపించింది. తర్వాత తెర నల్లబడింది.

నవ్వొస్తే తల దించుకో అన్నచోట అన్ని ఊళ్ళలోనూ నవ్వుతారు. ఇక్కడా నవ్వారు. పాపం అదీ ఇరవై ఏళ్ళుగా తీస్తోంది అన్నచోట నవ్వు ఆగిపోతుంది. ఆగిపోయింది. చీకట్లో మూడో వరసలో ఆరు తలలు కదలకుండా ఉండటం చూశాను. పొడుగావిడ తల మాత్రం పక్కకి తిరిగి అక్కని చూస్తోంది.

లైట్లు వేశాక పెద్ద చప్పట్లు. నన్ను వేదిక మీదికి పిలిచారు. నాలుగు ప్రశ్నల తర్వాత, కళ్ళజోడు పెట్టుకున్న ఒక అమ్మాయి లేచి అడిగింది.

"ఆ చివరి మాటలు వాళ్ళకి తెలియకుండా రికార్డయినవి కదా. వాడుకునేముందు వాళ్ళని అడిగారా?"

పత్రం ఉందని చెప్పడానికి నోరు తెరిచాను. అదే జవాబు మిగతా ఊళ్ళలో తడబడకుండా చెప్పాను. మైకులోంచి నా ఊపిరి మాత్రం హాలంతా వినిపించింది.

అక్క లేచి నిలబడింది. ఎవరో పరుగున వెళ్ళి మైకు ఇచ్చారు.

"అడిగింది," అంది. "ఇంటికొచ్చి వినిపించి మరీ అడిగింది. నేనే పెట్టుకోమన్నాను. వీళ్ళని కూడా నేనే ఒప్పించాను. మా చెల్లెలు చాలా బాగా తీసింది."

హాలు మళ్ళీ చప్పట్లతో నిండిపోయింది. ఆ అమ్మాయి కూడా కొట్టింది. అక్క గొంతు ఎక్కడా వణకలేదు. ఎంత బాగా చేయగలదో నాకంటే ఎవరికి తెలుసు.

జనాన్ని తోసుకుని బయటికి వచ్చేసరికి పొడుగావిడా మిగతావాళ్ళూ బస్టాపు వైపు వెళ్ళిపోతున్నారు. అక్క వాళ్ళకి పది అడుగులు వెనకగా, ఒక్కతే నడుస్తోంది. ఎవరూ ఆమె కోసం ఆగడం లేదు. పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"అక్కా, తిట్టు నన్ను."

"ఎందుకు తిట్టడం? బాగుంది సినిమా," అంది, చెయ్యి మెల్లగా విడిపించుకుని. "లోపలికెళ్ళు. నీకోసం చూస్తుంటారు."

అది జరిగి రెండేళ్ళు. పొడుగావిడ ఆమెతో మాట్లాడటం మానేసిందని బావ చెబితే తెలిసింది. నాతో మాత్రం అక్క మానలేదు. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తే తీస్తుంది. తిన్నావా అంటుంది, మీ ఆయన ఎలా ఉన్నాడంటుంది, కొత్త సినిమా ఎంతవరకు వచ్చిందంటుంది. నేను అడిగినదానికి పూర్తి వాక్యాల్లో జవాబు చెబుతుంది. ఒకరి మీద విసుగు లేదు, ఒకరి గురించి చాడీ లేదు, మోకాళ్ళ నొప్పులని కూడా అనదు. మొదటి రోజు కాలరుకి మైకు గుచ్చినప్పుడు నేను నేర్పినట్టే, నెమ్మదిగా, స్పష్టంగా, నేను మాట్లాడటం పూర్తయ్యేదాకా ఆగి మాట్లాడుతుంది.